తొంభై ఆరు దగ్గర వణికిన చేయి

వైశాలి, గాజియాబాద్
9 నవంబరు 2025, ఆదివారం

పూజ్యులైన అత్తయ్యగారికి,

మీ అల్లుడు మనోహర్ నమస్కారాలు. ఇక్కడ ముగ్గురం క్షేమమని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే మీరు నమ్మరు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫోన్లో చెప్పబోతే సగంలోనే మీకు కళ్ళనీళ్ళు వస్తున్నాయి, ఫోన్ క్రాంతి చేతికి వెళ్తోంది, అతను ఏంటి బావా ఇది, మా అక్కను ఏం చేస్తున్నావని నిలదీస్తున్నాడు. మీరు హైస్కూల్లో లెక్కలు చెప్పినవారు. కాగితం మీద ఉన్నదైతే చివరిదాకా చదువుతారు.

వచ్చేవారం క్రాంతిని పంపి, కిరణ్మయిని ఏలూరు రప్పించుకుని కడుపునిండా అన్నం పెడతానన్నారు. చేతులు వణుకుతున్న పిల్లకు చెంచాడు పంచదార ఇవ్వని కొంప అదేం కొంప అన్నారు. నేను నొచ్చుకోలేదు. మొదట్లో నేనూ పంచదార డబ్బా దగ్గరికే పరుగెత్తాను.

ఆగస్టులో ఆమె ఆఫీసులో రక్తపరీక్షలు చేసినప్పుడు షుగరు బయటపడింది. పరగడుపున నూట తొంభై ఎనిమిది, భోజనం తర్వాత రెండువందల డెబ్భై. సాకేత్‌లో ఒక లేడీ డాక్టరుకు చూపించాం. డాక్టరు మూడు నెలలు గడువిచ్చారు. తిండి మార్చుకుని నడవండి, అప్పటికీ దిగకపోతే మాత్ర రాస్తానన్నారు. మీ అమ్మాయికి మాత్ర మీద పంతమేమీ లేదు. ప్రయత్నించి చూస్తానంది. అన్నం చిన్న గిన్నెకు దిగింది. పప్పు, ఆకుకూరలు పెరిగాయి. పొద్దున్నే పార్కులో నడక. అక్టోబరుకల్లా అంకెలు దిగాయి. సరిగ్గా అప్పుడే వణుకు మొదలైంది.

మొదటిసారి మెట్రోలో వచ్చింది. ఆఫీసుకు వెళ్తుంటే చెమట పట్టి, గుండె దడదడలాడి, చూపు మసకబారిందట. పక్కన కూర్చున్న ఆవిడెవరో, అరె దీదీ, పహలే యే ఖావో, ముందు ఇది తిను అంటూ దీపావళి మిఠాయి డబ్బా విప్పి బర్ఫీ నోట్లో పెట్టిందట. కాసేపటికి తేరుకుంది. అది మొదలు వణుకు వచ్చినప్పుడల్లా ఏదో ఒక తీపి తినడం, అంకెలు మళ్ళీ పైకి పోవడం. రెండు నెలల కష్టం బర్ఫీ ముక్కల్లో కరిగిపోతోందని, తనవల్ల కాదని, గడువు దాకా ఆగకుండా మాత్ర రాయించుకుంటానని అంది. కిరణ్మయి అలా అనడం నేను ఎప్పుడూ వినలేదు.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనానికి ముందు, వంటింట్లో గరిటె పడిన చప్పుడైంది. వెళ్ళి చూస్తే గట్టు పట్టుకుని నిలబడి ఉంది. వేళ్ళు నిలవడం లేదు. ఆ రోజే మొదటిసారి, తీపి తినకముందే మన శరణ్య షుగరు చూసే మీటరు తెచ్చి వేలు గుచ్చింది. తొంభై ఆరు. నేను కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశాను. తొంభై ఆరే. ఏ జబ్బూ లేని మనిషికి ఉండే అంకె అది.

ఎదురింటి మల్హోత్రా ఆంటీ మా గొంతులు విని గులాబ్ జామూన్ గిన్నెతో వచ్చేశారు. భాయ్ సాబ్, మషీన్ కో ఛోడో, బీవీ కో దేఖో అని, మిషను వదిలేసి పెళ్ళాన్ని చూడమని నన్ను కసిరారు. మీ మనవరాలి సంగతి తెలుసుగా, తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో. పాపా, మమ్మీ నాటక్ థోడీ కర్ రహీ హై అని అదీ నా మీదకే వచ్చింది. నాటకమని నేను అనలేదు. మీటరు చెడిపోయిందన్నాను. అయితే తేల్చేద్దామని ఇంట్లో ఉన్నవాళ్ళందరం వేళ్ళు గుచ్చుకున్నాం. శరణ్యకు ఎనభై ఎనిమిది. అప్పుడే భోంచేసి వచ్చిన ఆంటీకి నూట ముప్పై ఒకటి. ఆవిడ ఆ అంకె చూసి, అచ్ఛా, నేను ఇంకా పడుచుదాన్నే అని గులాబ్ జామూన్ ఒకటి తానే తినేశారు. ల్యాబులో కూడా సరిచూశాం. మీటరు తప్పు లేదు.

నా విలేకరి వృత్తిలో ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే ఒకరిది అబద్ధమై ఉంటుందని వెతుకుతాం. ఇక్కడ మీటరు అబద్ధమాడటం లేదు. చెయ్యీ అబద్ధమాడటం లేదు.

సాకేత్ డాక్టరు విని ఆశ్చర్యపోలేదు. ఆవిడ చెప్పింది మీకు అలాగే రాస్తున్నాను. కిరణ్మయి ఒంట్లో షుగరు ఎన్నేళ్ళుగానో ఎక్కువగా ఉండి ఉంటుంది. శరీరం ఆ ఎత్తుకే అలవాటు పడింది, అదే నేల అనుకుంది. ఇప్పుడు అసలు నేల మీదకు దిగుతుంటే, పడిపోతున్నానని కేకలు పెడుతోంది. వణుకు వస్తే ముందు మీటరు చూడాలి. డెబ్భై కంటే తక్కువ ఉంటే వాదన లేదు, వెంటనే చక్కెర తీసుకోవాలి. మామూలుగా ఉంటే తీపి ముట్టకుండా కూర్చుని, కాసిని శనగలో మజ్జిగో తీసుకుని ఆగాలి. కొన్ని వారాల్లో శరీరం సర్దుకుంటుంది. తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు.

మొన్న బుధవారం గురునానక్ జయంతి, మాకు సెలవు. మన కార్తీక పౌర్ణమి కూడా అదే రోజు. ఉపవాసం ఈ ఏడు వద్దన్నారు డాక్టరు, కిరణ్మయి ఉండలేదు. బాల్కనీలో కూర్చుని ఒత్తులు నేతిలో తడుపుతోంది. చేతిలో ఒత్తి ఊగడం నాకు కనిపించింది. మీటరు తెచ్చాను. తొంభై మూడు. పంచదార డబ్బా తేనా అని అడగబోయాను. తన వైపు చూసి అడగలేదు. పక్కన కూర్చోండి, మాట్లాడకండి, ముఖ్యంగా ధైర్యం చెప్పకండి అంది.

నాలుగు శనగలు నమిలింది. మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగింది. పై పెదవి మీద చెమట పట్టింది. మోకాలి మీద పెట్టుకున్న కుడిచేయి వణుకుతూనే ఉంది. నేను ఆ చేతినే చూస్తున్నాను. ముందు బొటనవేలు ఆగింది. తర్వాత చూపుడువేలు. అన్నిటికంటే ఆఖరున చిటికెన వేలు. ఊపిరి నెమ్మదించింది. మళ్ళీ మీటరు చూశాం, అంకె పెద్దగా మారలేదు. మారింది ఆ అంకెను చూసే శరీరం. వెళ్ళిపోయింది అంది, ఎవరో వచ్చి పలకరించి వెళ్ళినట్టు. ఒత్తి తీసుకుని పని చేసుకుంది.

అత్తయ్యగారూ, నేను వరదలు చూశాను, ప్రభుత్వాలు పడిపోవడం చూశాను, ఎప్పుడూ కలం ఆగలేదు. ఆ పూట బాల్కనీలోంచి చాలాసేపు లేవలేకపోయాను. ఒక ఒళ్ళు ఎన్నేళ్ళుగానో నమ్మినదాన్ని వదులుకోవడం నా కళ్ళముందు జరిగింది. మందు లేదు, మంత్రం లేదు. భయపడుతూనే కదలకుండా కూర్చున్న మనిషి ఒకరు, అంతే. ఆ మనిషి మీ అమ్మాయి.

అందుకని క్రాంతిని ఇప్పుడు పంపవద్దు. ఏలూరు వస్తే మీ చేతి ముద్ద కాదనడం ఆమెవల్ల కాదు. మీ ఎదుట వణికితే మీరూ చూస్తూ ఊరుకోలేరు. నెలాఖరుకు పరీక్ష ఉంది, అప్పటిదాకా ఆమెను ఇక్కడే ఉండనివ్వండి. మీకే వీలైతే వచ్చి పదిరోజులు ఉండండి. చలి ఇంకా ముదరలేదు.

ఆశీస్సులు కోరే
మీ అల్లుడు
మనోహర్

తాజాకలం: అమ్మా, నేను కిరణ్మయిని. కవరు అంటించేముందు చదివాను. ఈయన రాసినవన్నీ నిజాలే, ఒకటి వదిలేశారు. ఆ ఆదివారం ఈయన కూడా వేలు గుచ్చుకున్నారు. రెండువందల ఎనభై నాలుగు. ఆ అంకె చూశాక మీటరు చెడిపోయిందని ఇంకా గొంతు పెంచారు. మర్నాడు ల్యాబుకు వెళ్ళింది కూడా ఈయన రక్తమే, అక్కడా తేడా రాలేదు. ఈయనకు చెమట లేదు, దడ లేదు. అంత షుగరుతో ఆ సాయంత్రం మెట్రో మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కారమ్మా! నా ఒళ్ళేమో తొంభై ఆరుకే గోల పెట్టింది. భయం వేసింది, కానీ అంతకంటే ఎక్కువగా, మన ఒళ్ళు మనకెంత తెలియదో అని నోరు తెరుచుకుని ఉండిపోయాను. నువ్వేమంటావోనని రాయలేదు పాపం, ఏమీ అనకు. గురువారం సాకేత్‌కు ఇద్దరం వెళ్తున్నాం. తమ్ముడికి టికెట్ తీయకు. ఈయన అంకెలు దిగడం మొదలైతే ఈయనకూ ఆ వణుకు వస్తుందేమో, అప్పుడు పక్కన నేనుండాలి కదా.