‘మంచిది’ అని రాసిన గొట్టం

అక్టోబరు 9, గురువారం

అమ్మకు నీ చిన్నది దండాలు పెట్టి రాస్తున్నది. పొద్దున ల్యాబు తలుపు తీసేసరికి మా మేడం నాకంటే ముందే వచ్చి, రెండు గొట్టాలు ముందు పెట్టుకుని కూర్చుంది. నేనీ ల్యాబు చదువులో చేరిన రెండేళ్లలో ఇదే మొదటిసారి. ఆ సంగతి కింద రాస్తాను.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి ఆగాను. హాస్టల్లో మిగతావాళ్లు బాగున్నారు.

నువ్వడిగినవి: వేళకు తింటున్నాను. జడ కత్తిరించుకోలేదు, అక్క నీకు ఎక్కించి చెప్పింది. “నా కాళ్ల వాపు మీద నీకెందుకే అంత ధ్యాస, మిషను తొక్కితే ఎవరికైనా వాస్తాయి” అన్నావు. మరి నాలుగు చొక్కాలు కుట్టేసరికి ఆయాసం రావడం కూడా మిషను తప్పేనా?

ఈమధ్య మాకొక క్రిమి గురించి పాఠం జరిగింది. మట్టిగోడల పగుళ్లలో ఉండి నెత్తురు తాగే పురుగు దాన్ని మనిషికి అంటిస్తుంది. తల్లినుంచి కడుపులో బిడ్డకూ రావచ్చు. గుండె కండలో చేరి ఏళ్లతరబడి అలికిడి లేకుండా ఉంటుంది. దాన్ని చంపాలని మన ఒంట్లో కాపలా కణాలు కొడుతూనే ఉంటాయి. ఆ దెబ్బలు గుండెకీ తగులుతాయి. తగిలినచోట మచ్చ కడుతుంది, కండ బలం తగ్గి గుండె సాగిపోతుంది.

పొద్దున ఆ గొట్టాలు చూశాక మేడాన్నే అడిగాను. “గుండెను పాడుచేసేది క్రిమా, మన కాపలానా మేడం?” అన్నాను.

“రెండూనూ. కాపలా లేకపోతే ఎప్పుడో పోయేదానివి.”

“మరి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి?”

“ముందు ఈసీజీ తీయించుకో. కోపం తరవాత.”

అమ్మా, ఇక దాచలేను. ఆ క్రిమిని పట్టే పరీక్ష సరిగా జరుగుతోందో లేదో చూసుకోవడానికి రోగి రక్తం పక్కన మా సొంత రక్తం పెట్టి, గొట్టం మీద ‘మంచిది’ అని రాస్తాం. పోయిన నెల నా ‘మంచిది’లోనే జబ్బు గీత వచ్చింది. గొట్టాలు తారుమారు చేశానని చీవాట్లు తిన్నాను. మూడుసార్లు చేసినా అదే గీత.

సెలవులకు వచ్చి, “సూది గుచ్చడం నేర్చుకోవాలి, చెయ్యివ్వు” అన్నాను కదా? “దర్జీదానికే సూది నేర్పుతావటే” అని నవ్వావు. అది అబద్ధం. నీ నెత్తురు దాచి తెచ్చాను. అందులోనూ గీతే. నిన్న మేడానికి చెప్పేశాను. “అడగకుండా తల్లి రక్తం తీస్తావా!” అని మండిపడింది, కానీ మన ఇద్దరిదీ ఇంకో పద్ధతిలో తనే పరీక్షించింది. పొద్దున ఆ గొట్టాలతోనే కూర్చుంది. ఇద్దరికీ ఉంది.

నీనుంచి నాకొచ్చిందో, మనం మునుపున్న ఆ మట్టిగోడల గదిలో ఇద్దరినీ పురుగే కుట్టిందో తేలదట. కాబట్టి నువ్వే ఇచ్చావని ఏడవకు. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి గుండె చెడదట. నా వయసుకు మందు బాగా పనిచేస్తుందట. నీ గుండె సంగతి మాత్రం చూస్తేగాని చెప్పలేమన్నారు. నాకు భయమో, కోపమో, సిగ్గో తెలియడం లేదు.

ఈ ఉత్తరం బావ చేతికిస్తున్నాను. రేపు తెల్లవారగానే వ్యానుతో గుమ్మం ముందుంటాడు. “చొక్కాలు ఇవ్వాలి” అని వంకలు పెట్టకుండా ఎక్కు. తొమ్మిదింటికి ఇద్దరికీ ఈసీజీ. ముందు నాకే తీయమన్నాను, నువ్వు పక్కనే నిలబడి చూద్దువుగాని.

ఇట్లు,
నిన్ను అడగకుండా సూది గుచ్చిన
నీ చిన్నకూతురు