ఊళ్లకు పెట్టిన ఎర్ర బొట్టు

చిట్యాల, సకల జనుల సమ్మె రోజులు, గురువారం రాత్రి

ఏ ఊరు ముందో, ఏ ఊరు వెనకో తేల్చడానికి నువ్వెవరివి, పాస్టరూ?

రేపు రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలిపే వంటావార్పుకు వచ్చే ఊళ్ల పేర్లు ఉద్యమం వెబ్ పేజీలో పెట్టింది నేనే. జాబితా కోసం ‘ఓఎల్’ అనే ట్యాగ్ రాస్తే కంప్యూటర్ తనంతట తానే ఒకటి, రెండు అని అంకెలు వేసింది. టేకుమట్ల అట్టడుగున పడింది. సాయంత్రం ఆ ఊరి లక్ష్మక్క ప్రార్థన మందిరానికే వచ్చి నిలదీసింది.

“ఏందన్నా, బియ్యం ఇస్తమని ముందుగాల ఒప్పుకున్నది మేము. మమ్ముల కడకు ఏస్తివి? గిట్లయితే మా ఊరోళ్లు రామంటున్నరు.”

ద్రాక్షతోటకు పొద్దున్నే వచ్చిన కూలీకి ఎంతో, పొద్దుగూకే వేళ వచ్చిన కూలీకీ అంతే కూలి దక్కిందని బైబిలు తెరిచి గొంతు చించుకుని చెప్పేది నేనే కదా! ఆమె ముందే ‘ఓఎల్’ తీసి, అంకెలు వేయని ‘యూఎల్’ ట్యాగ్ రాశాను. అంకెలు పోయి చుక్కలు వచ్చాయి. ఒక్కో వరుసకు ఎరుపు రంగు, లోపలి పేర్లకు నలుపు ఇస్తే చుక్కలు మాత్రమే ఎర్రగా నిలిచాయి.

అక్క పకపకా నవ్వింది. “బొట్టు వద్దని మైకుల మొత్తుకుంటవ్, ఊర్లన్నిటికి బొట్టు పెట్టి పిలిచినవ్ గదనే! ఇగ రాకుంటే ఎట్ల? వస్తం.”

ప్రభువా, ఆ నవ్వుకు స్తోత్రం. నా ప్రసంగాలకు కదలని మనుషులను ఒక చుక్కతో కదిలించావు.

గడప దాటుతూ ఆమె అడిగింది: “మరి కట్టెలు మోసుకొస్తమన్న తండా పేరేదే?”

రాయలేదు. వాళ్లు అడగలేదు, నాకు గుర్తు రాలేదు. రేపు కట్టెల మోపులతో వచ్చి, తమ పేరు లేదని తెలిస్తే...

లే. డైరీ మూసి కంప్యూటర్ ముందు కూర్చో. ఈ రోజు దాటకముందే తండాకు బొట్టు పెట్టు.