తెరుచుకున్న పెళ్లి ఫోల్డర్

ఆదివారం, 2005, మేడ్చల్

కిటుకు దొరికింది! వారమంతా గౌడవెల్లి యాదగిరి మామ కూతురి పెళ్లి ఫోల్డర్ తెరవగానే మా స్టూడియో కంప్యూటర్ బిగుసుకుపోయేది. ఈరోజు ఫోల్డర్‌లో బొమ్మలు వద్దు, ఒట్టి ఫైళ్ల పేర్లే చూపించమని కంప్యూటర్‌కు చెప్పాను. టక్కున తెరుచుకుంది! పాడైన వీడియో ఒక్కటి పక్కకు తీసిపెట్టగానే ఫోటోలన్నీ బిలబిలా వచ్చేశాయి. గంతేశాను!

ఆ వీడియో అప్పగింతలది. పెళ్లినాడే మామ, "నేను ఏడ్సింది తీసెయ్యి బిడ్డా, ఊళ్ళె ఇజ్జత్ పోతది" అన్నాడు. పీడా పోయిందనుకున్నాను.

సాయంత్రం మామ వచ్చి ఫోటోలన్నీ చూశాడు. "మస్తుగున్నయి" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"నేను ఏడ్సింది తీసేసినవా?"

"నువ్వే గద మామా తీసెయ్యమన్నవ్!"

"అన్న గానీ... ఒక్కసారి సూద్దామని."

ఆ వీడియోను ఇంకా చెరపలేదు, నయం. తెరుచుకుంటుందో లేదో మాత్రం...