గేటు బయట పెద్దాయన

మ్యూజియం ఆఫీసరు కుసకబె గారికి,

మా ఇగా కొండల నింజా విద్య చీనా నుంచి వచ్చిందా అని మీరడిగితే, "మా తాతలు పుట్టించిందే, పొండి" అని కసిరాను. అది అబద్ధం. మా వంశావళి కాగితంలో మొదటి పేరు చీనావాడిదే. చీనాతో యుద్ధం రోజుల్లో మా నాన్న, "ఇది పోలీసుల కంటబడితే మనల్ని బతకనిస్తారట్రా? కాల్చెయ్" అన్నాడు. ఆ పేరు కత్తిరించి పొయ్యిలో పెట్టింది నేనే. ఆ పాత అక్షరాలు నాకు చదవడం రాదు. నాన్న ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు.

ఏటా ఓబోన్ పండక్కి వాకిట్లో మంట వేసి, పోయిన పెద్దల్ని పేరుపేరునా ఇంట్లోకి పిలుస్తాను. అందరూ వస్తారు. ఒకాయన మాత్రం గేటు బయటే నిలబడి నావంక చూస్తుంటాడు.

మిగతా నింజా ఇళ్ళ కాగితాల్లో ఆ పేరుందేమో వెతకండి. నన్ను అబద్ధాలకోరని బోర్డు మీద రాసుకోండి, పడతాను. నాకు ఎనభై తొమ్మిదేళ్ళు. రేపు నేను పోయి ఆయన ఎదురుపడితే, ఏమని పిలవను?