రంగు తిరిగిన ద్రావణం

నాంపల్లి,
ఆదివారం.

ప్రియమైన లహరికి,

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ పుణేలో నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. నొప్పి తగ్గింది, మెట్లు దిగుతోంది. మొన్న నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌లో చీరల కొట్టుకు వెళ్లింది. కొట్టతను అడక్కుండానే, "మా కోడలు పుణేలో సైంటిస్టండీ. వీడు ఆవిడ మొగుడు" అంది. అతను నవ్వాడు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చేదాకా లోపల మండుతూనే ఉంది. ఇద్దరం ఒకే ఏడు పీహెచ్‌డీ పూర్తిచేశాం, ఆ ల్యాబు ఉద్యోగానికి ఇద్దరం ఇంటర్వ్యూకి వెళ్లాం. నీకొచ్చింది. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పుకుంటున్నాను.

ఒకే పాలిమర్, ఒకే మందం, అయినా ఒక పొరలో కరెంటు బాగా పారుతుంది, ఇంకోదాంట్లో పారదు, ఎందుకో అర్థం కావడం లేదని రాశావు. ఫోన్‌లోనూ అడిగావు. "ఏమో, చూడాలి" అన్నాను.

అబద్ధం. నాకు తెలుసు.

దసరాకి వచ్చినప్పుడు నువ్విచ్చిన ఆ పాలిమర్ పొడిని మా కాలేజీ ల్యాబులో ద్రావకంలో వేసి, వేడిచేసి కరిగించాను. నారింజ రంగు ద్రావణం. అందులో సగాన్ని వేడిగా ఉండగానే గాజు పలకల మీద పల్చగా పోసి ఆరబెట్టాను. ఇంతలో మీ నాన్నగారిని స్టేషన్‌లో దింపడానికి వెళ్లాల్సొచ్చింది. రైలు ఆలస్యం. తిరిగొచ్చేసరికి సీసా చల్లారి, మిగిలిన సగం వంకాయ రంగుకు తిరిగింది.

మా డిపార్ట్‌మెంట్లో పనిచేసే ఇంద్రసేన చూసి, "ఏంది సార్, గిట్లైంది? ఖరాబైందా?" అన్నాడు.

దాంతోనూ పొరలు పోసి చూశాను. కరెంటు ఎన్నో రెట్లు ఎక్కువగా పారింది. వేడి మీద ఆ పాలిమర్‌లోని పొడుగాటి గొలుసు అణువులు విడివిడిగా తిరుగుతాయి. చల్లారేకొద్దీ పక్కపక్కన చేరి గుంపులు కడతాయి. పొర ఆరకముందే, సీసాలోనే, కరెంటుకు దారి సిద్ధమవుతోంది. నువ్వు ఆరిన పొరనే పరీక్షిస్తున్నావు, పోసేముందు ద్రావణం ఎంతసేపు చల్లారిందో చూడటం లేదు.

"మేడంకు జర ఫోన్ చెయ్యుండ్రి సార్, ఖుషీ అయితరు" అన్నాడు ఇంద్రసేన.

చేస్తానన్నాను. చెయ్యలేదు. నా ఒక్కడి పేరుతో పేపరు రాయడం మొదలుపెట్టాను.

ఈలోగా నీ ఉత్తరం వచ్చింది. "నావల్ల కావడం లేదు, రాజీనామా చేసి వచ్చెయ్యనా?" అని అడిగావు. చదవగానే సంతోషం వేసింది లహరీ. నువ్వు ఓడిపోయావన్న సంతోషం. వంటింట్లోంచి అమ్మ "ఏం రాసిందిరా?" అంటే, ఆవిడకు ముఖం చూపించలేక బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను. ఇన్నేళ్లలో నన్ను చూసి నేను భయపడింది అప్పుడే.

కొలతలన్నీ దీంతోపాటే పంపుతున్నాను. పేపరులో ఇద్దరి పేర్లూ పెట్టు, నీది ముందు. ఈ మాట రాయడానికి చెయ్యి ఎంతసేపు మొరాయించిందో చెప్పలేను.

కుళ్లు పోయిందనుకోకు. నీకు పేరొచ్చిన రోజు మళ్లీ కుళ్లుకుంటాను. అప్పుడు కూడా దాచకుండా చెబుతాను.

నీ ప్రశ్నకు జవాబు ఇదీ. నువ్వు లేక ఇల్లు బావురుమంటోంది. అయినా రాజీనామా ఇవ్వకు. రావద్దు.

ఇట్లు,
నీ భర్త
వంశీధర్