శిరీష కట్టిన ముడుపు

జూన్ 9, సోమవారం

శిరీష పోయి ఐదు దినాలు. పొద్దుగాల లేసి దాని టిఫిన్ డబ్బా కడిగిన. కడిగినంక యాదికొచ్చింది... ఆఫీసుకు ఎవలు పోతరు ఇగ.

జూన్ 10

ఉండబట్టలేక గుడి దాక పోయిన. లోపటికి పోలేదు. అంటు ఉన్నది, నాకు తెల్వదా. తొమ్మిదేండ్ల సంది ఆ దేవునికి పూలు గుచ్చేది నేనే. గేటు బయట, రోడ్డుకు అవతల నిలబడ్డ. అయ్యగారిని ఒక్కటే అడుగుదామని — ఉగాదినాడు నా బిడ్డ గుడి కిటికి జాలికి ముడుపు కట్టింది, కట్టిన మనిషే పోతే ఆ ముడుపు ఏం చెయ్యాలె? ఏం మొక్కినవే అంటే ఆనాడు నవ్వింది. "చెప్తే తీరదమ్మా, జర ఊకో." జరమొచ్చి దవాఖానల మూడు దినాలే ఉన్నది...

అయ్యగారు చూసిండు. నేను నోరు తెరవకముందే —

"ఏందమ్మా, అప్పుడే పనికొచ్చినవా? పదకొండు దినాలు ఆగలేవా? పూలపని యాడికి పోతది?"

ఫ్లాట్ల మేడంలు కార్లు దిగుకుంట చూసిన్రు. ఒకామె పిల్లను దగ్గరికి గుంజుకున్నది. నాకు ఏడ్పు రాలేదు. దవాఖానలనే అయిపోయింది ఏడ్పు. "కంట్ల తడి గూడ లేదు చూడున్రి" అన్నడు వాళ్ళతోని.

జూన్ 11

ఏం రాయాలె.

జూన్ 12

ఆడిబిడ్డ లక్ష్మి వచ్చింది. గుడికాడి మాట ఆమె దాక పోయిందట.

"వదినె, నిజంగనే పనికోసం పోయినవా?"

"ముడుపు సంగతి అడుగుదామని పోయిన."

"మరి గదే చెప్పకపోతివి."

చెప్పనిస్తే కద. మా ఆయన గోడదిక్కు తిరిగి పండుకున్నడు. "అయ్యగారికి ఎదురు మాట్లాడకు." గంతే.

జూన్ 15, ఆదివారం

పదకొండు దినాలైనయ్. ఇల్లు కడుక్కున్నం. అంటు పోయిందట. నాకైతే ఏం పోలేదు.

జూన్ 16

తలమీద నీళ్ళు పోసుకొని గుడికి పోయిన. అయ్యగారు మంచిగనే పలకరించిండు.

"వచ్చినవా, కూసో. గంపల చామంతులున్నయ్. ఆనాటి మాట మనసుల పెట్టుకోకు. పని పోతదని భయపడి వచ్చినవు, నాకు తెల్వదా."

తెలుసట.

"అయ్యగారూ, నేను పనికి..."

"సరే సరే, దండ కానియ్యి. హారతి టైమైంది."

సూది పట్టుకొని జాలిదిక్కు చూసిన. అన్నీ పసుపు మూటలే. దానిది దొరికింది — ఆఫీసు కార్డు నీలం తాడుతోని ముడేసింది. పిచ్చిది, దారం దొరకలేదేమో.

చెయ్యి లేవలేదు. ముట్టొచ్చో లేదో చెప్పేది ఆయనొక్కడే.

జూన్ 19

గుడికి రంగులేస్తరట. రేపు పాత ముడుపులన్ని తీసి చెరువుల కలుపుతరు.

దాని ముడుపు ఇప్పినా ఏముంటది. గుప్పెడు బియ్యం, రూపాయి బిళ్ళ. ఏం మొక్కిందో అండ్ల రాసి ఉండదు. అయినా నాకు కావాలె. నాకోసం మొక్కిందనుకో, చెరువులకే పోనియ్యి. తనకోసం మొక్కిందనుకో...

పొద్దుగాల రంగులోళ్ళు రాకముందే పోయి అడగాలె. ఈసారి ఏమనుకుంటడో. రూపాయి కోసం వచ్చిందనుకుంటడేమో.