హెడ్‌లైట్ల మీది పసుపు

ఏవండీ,

మీరు పోయాక ఇదే మొదటి దసరా. పూజకు ముందు మన కారును వట్లూరులో మెకానిక్‌కి చూపించాను. పచ్చబడి మసకబారిన హెడ్‌లైట్ల అద్దాలను అతను తడి ఉప్పుకాగితంతో రుద్దాడు. పాలలాంటి నీళ్ళు కారాయి. పాలిష్ పట్టేసరికి లోపలి బల్బు కనిపించింది.

"ఏటా దసరాకి పసుపు బొట్లు పెట్టి నేనే పాడుచేశానండీ," అన్నాను.

"పసుపు కాదండీ అమ్మగారూ. ఎండకి పైపూత పోతే ఈ ప్లాస్టిక్ ఇలాగే పచ్చబడిపోద్దండి. అయ్యగారికి తెలుసు కదండీ. పోయినేడు బాగుచేస్తానంటే వద్దన్నారు. లైట్లు బాగుపడితే మళ్ళీ చీకట్లో తోలమంటారు, నాకు కళ్ళు ఆనట్లేదు, ఆవిడకి చెప్పకు అన్నారండి."

చీకటి పడ్డాక పెదపాడులో మా చెల్లెలింటికి వెళ్దామన్నప్పుడల్లా, "నీ పసుపు వల్ల చెరువుగట్టు ఆనట్లేదే," అనేవారు మీరు. ఆ మరక పోవాలని నేను చింతపండుతో తోముతుంటే పక్కనే నిలబడి చూశారు కూడా. ఇప్పుడు మీమీద కోపం తెచ్చుకోవాలో, కనిపెట్టలేకపోయినందుకు నన్ను నేను తిట్టుకోవాలో తెలియడం లేదు.

ఇవాళ పండగ. కారు కడిగాను. పసుపు గిన్నెతో దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తోచక లోపలికొచ్చి ఇది రాస్తున్నాను.

ఒక్కటి చెప్పండి. రోజూ ఎదురుగా కూర్చుని అన్నం వడ్డించాను కదా, చివర్లో నా మొహమైనా మీకు ఆనిందా?